హద్దులు మారాయి, పిల్లల సంగతేమైంది?

శ్రావణ శనివారాల్లో కడప జిల్లా గండి వీరాంజనేయస్వామి గుడి దగ్గర కాలు పెట్టే సందుండదు. వేంపల్లె నుంచి, పులివెందుల నుంచి చంకన పిల్లలతో తల్లులు తరలివస్తారు. ఆ పిల్లలకు కష్టమొస్తే ఆదుకోవాల్సిన సర్కారు ఎంత దూరంలో ఉంది?

నవాబుల, పాలెగాళ్ల కాలంలో దిక్కులేని బిడ్డకు మేనమామో, కులమో, మఠమో దిక్కు. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికొచ్చాయి. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరయ్యాడు.

మన్రో కథ గండిలోనే వినాలి. లంక నుంచి తిరిగొచ్చే రాముడికి స్వాగతంగా వాయుదేవుడు పాపాఘ్ని మీద రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడట. పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడ్డాకే కనబడుతుందట. ఏటి వెంట వస్తూ మన్రో తలెత్తి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు కొండలే కనబడ్డాయి. 1827 జూలై 6న, మద్రాసు గవర్నరుగా ఉండగానే, పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. సీమ జనం తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆ ప్రేమ నాకు ఇప్పటికీ అపురూపంగా తోస్తుంది.

అయితే ఆ బిడ్డలకు కుంపిణీ చట్టంలో చోటు దక్కలేదు. మద్రాసులో 1804 నాటి 5వ రెగ్యులేషన్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌ను పెట్టింది ఎస్టేట్ల మైనరు వారసుల కోసం. కూలివాడి బిడ్డ అందులో లేడు.

స్వాతంత్ర్యం వచ్చాకే సర్కారు మెల్లగా ఊరివైపు కదిలింది. 1959లో పంచాయతీ సమితులొచ్చాయి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైంది, క్రమంగా అంగన్‌వాడీ ఊరికి చేరింది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలాలు పెట్టాక ఎమ్మార్వో దగ్గరయ్యాడు. ఐసీడీఎస్ ప్రాజెక్టు మాత్రం కొన్ని మండలాలకు కలిపి ఒకటిగానే మిగిలింది. 2019లో గ్రామ సచివాలయాలు, వాటిలో మహిళా సంరక్షణ కార్యదర్శులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. గండి ఉన్న చక్రాయపేట మండలం కడప జిల్లాలోనే, కొత్త పులివెందుల డివిజన్‌లో ఉండిపోయింది. పక్కనున్న రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి పోయింది.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ బాలల సంక్షేమ కమిటీ ఉండాలి. రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో దాని ముందుంచాలి. రాయచోటిలో పనికి కుదిరిన చక్రాయపేట పిల్లవాడి ఫైలు ఇప్పుడు రెండు కమిటీల మధ్య నడవాలి. కొత్త జిల్లాకు కలెక్టరేట్ బోర్డు ఎంత త్వరగా లేస్తుందో, కమిటీ సభ్యులూ బాలల సదనమూ అంత త్వరగా రావాలి.

మీ ఊళ్లో బాల్యవివాహం నిశ్చయమైందని తెలిస్తే, ఏ జిల్లా అని ఆలోచించకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.