కండరధ్వని నుండి కీలు బలానికి: ఒక చారిత్రక పరిశీలన

బొటనవేలితో చెవిని మూసి పిడికిలి బిగిస్తే దూరపు ఉరుము వంటి మంద్రధ్వని వినిపిస్తుంది. ఇటలీకి చెందిన జెస్యూట్ పండితుడు గ్రిమాల్డి ఈ అనుభవాన్ని నమోదు చేసిన గ్రంథం ఆయన మరణానంతరం 1665లో వెలువడింది. అది కాంతిని గురించిన గ్రంథం కావడం విశేషం. ఒంటిపై ధరించే సెన్సార్లతో కీళ్ల శ్రమను అంచనా వేసే నేటి పద్ధతులను సాధారణంగా విద్యుత్ పరికరాల చరిత్రలో భాగంగానే చెబుతారు. ఆ చరిత్రకు వినికిడితో మొదలైన మరొక పాయ ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1810లో రాయల్ సొసైటీ ప్రచురించిన ఉపన్యాసంలో వొలాస్టన్ ఈ ధ్వనిని రాతిబాటపై దూరాన పరుగెత్తే బండ్ల చప్పుడుతో పోల్చాడు. సెకనుకు సుమారు 20 నుండి 30 కంపనాలని లెక్కగట్టాడు. బిగుసుకున్న కండరం పైకి నిశ్చలంగా కనిపించినా లోలోపల అదురుతూనే ఉంటుందన్న మాట. అయితే ఆ అదురును కొలిచే సాధనం అప్పటికి లేదు. పరిశోధకుల దృష్టి విద్యుత్తు వైపు మళ్లింది. 1952లో లిప్పోల్డ్ పిక్క కండరంపై జరిపిన ప్రయోగాల్లో, కీలు కదలకుండా బిగించినప్పుడు, విద్యుత్ సంకేతం బలంతోపాటు క్రమంగా పెరిగింది. "కదలకుండా" అన్న షరతును తరువాతివారు తరచు విస్మరించారనిపిస్తుంది. కండరం వేగంగా కుంచించుకొనే కొద్దీ అది ఇవ్వగల బలం తగ్గుతుందని హిల్ 1938లోనే చూపాడు.

పైగా కండరబలం వేరు, కీలు వద్ద తిప్పుడు బలం వేరు. మన పాఠ్యపుస్తకాలు దీనిని బలభ్రామకం అంటాయి. కండరం కీలుకు అతి సమీపంలో అతుక్కొని ఉండటం వల్ల, ఎత్తే బరువు కన్నా ఎన్నో రెట్ల బలం వెచ్చించవలసి వస్తుందని బొరెల్లి గ్రంథం 1680-81లో తులాదండ న్యాయంతో వివరించింది. కీలు కోణం మారితే ఈ దూరమూ మారుతుంది. అందుకే నేటి పరికరాల్లో కండర సంకేతానికి కోణాన్ని కొలిచే సెన్సారునూ జతచేస్తారు.

1980లో ఆస్టర్, జాఫ్ మైక్రోఫోనుతో కండరధ్వనిని మళ్లీ విన్నారు. ముంజేతిపై బరువు పెరిగే కొద్దీ ధ్వని తీవ్రత పెరిగింది. చర్మంపై అతికించే చిన్న త్వరణమాపకాలు ఈ పాయకే చెందుతాయి. వీటికీ పరిమితులున్నాయి: గరిష్ఠ బలానికి చేరువలో కొన్ని కండరాల అదురు పెరగకపోగా తగ్గుతుంది. అలసిన కండరంలోనైతే, బరువు మారకపోయినా విద్యుత్ సంకేతం పెరుగుతుంది. పక్షవాతం నుండి కోలుకుంటున్న వ్యక్తి చేతికి పట్టీ కట్టి, సంకేతం తగ్గినంత మాత్రాన ఆయన ప్రయత్నించలేదని నమోదు చేస్తే, ఆ నమోదు తప్పు కావచ్చు.