అవ్వ పాపసంకీర్తనం

మాది తిరువళ్ళూరు పక్క మణవాళనగర్. అవ్వ పుట్టిల్లు కీళచ్చేరి, తెలుగు కథోలిక కుటుంబాలు ఉండే ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మా తిరువళ్ళూరు అప్పటికే ఆ రాష్ట్రంలో ఉండేది. నేను చదివింది కోయిలు ఆవరణలోని అరవ బడి. బెల్లు కొడితే చింతచెట్టు కింద వరస కట్టేవాళ్ళం.

నా చిన్నప్పుడు పూస లాటిన్‌లో జరిగేది. రెండో వాటికన్ మహాసభ (1962-65) తరవాత అరవానికి మారింది. అందరికీ సంతోషమే, అవ్వకి తప్ప. "లాటిన్ ఎవురికీ తెలీదు, అందరం సమానం. ఇప్పుడు నేనొక్కదాన్నే తెలీనిదాన్నైనా" అనింది. ఆమెకి సంతలో బేరానికి చాలినంత అరవమే వచ్చు.

పాపసంకీర్తనానికి పోను అనింది. "నా పాపాలు తెలుగులో ఉండాయి, అరవంలో ఎట్లా చెప్పేది?" సంగతి తెలిసి సామియారు నవ్వి, "నాకు తెలీకపోతే ఏం, దేవుడికి తెలుసు. తెలుగులోనే చెప్పమను" అన్నారు. ఆ ఆదివారం అవ్వ చానాసేపటికి గానీ బయటికి రాలేదు.

విచిత్రం ఏమంటే పాపసంకీర్తనం, మంగళవార్త, జపమాల, సిలువ, ఈ మాటలు రెండు భాషల్లోనూ ఉండేవే, పలికే తీరే వేరు. సగం దారి అవ్వకి ముందే తెలుసు, ఆమెకి ఎవురూ చెప్పలేదు.

తెలుగు అక్షరాలు నేను బ్యాంకులో చేరినాక నేర్చుకున్నా. మంగళవార్త జపం మాత్రం అవ్వ నోటినుంచి వచ్చిందే. మనవళ్ళకి అది రాదు. మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఉంటే, వాళ్ళ జపాలు ఇప్పుడే రాసిపెట్టుకోండి.