తేనెటీగ విషం సేకరణ

తేనెటీగ కొండికి వెనక్కి వంగిన ముళ్లుంటాయి. మనిషిని కుట్టినప్పుడు అవి చర్మంలో చిక్కుకుని కొండి విషపు సంచితో సహా ఊడిపోతుంది, ఈగ చచ్చిపోతుంది. ఒక్కో ఈగలో ఉండే ఎండు విషం సుమారు 0.1 మిల్లీగ్రాము. అంటే గ్రాముకు దాదాపు పదివేల ఈగలు కావాలి.

1888లో ఆస్ట్రియా వైద్యుడు ఫిలిప్ టెర్చ్ కీళ్లవాతానికి తేనెటీగ కాట్ల వైద్యం గురించి రాసినప్పుడు వాడినవి బతికున్న ఈగలే. విషాన్ని విడిగా తీయాలంటే ఈగను చంపి సంచిని వేరుచేయాల్సి వచ్చేది. ఈ పద్ధతిలో ఎక్కువ మొత్తం చేతికి రాదు.

1950లలో కరెంటుతో తీసే పద్ధతి పుట్టింది. 1963లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంటన్, మోర్స్, స్టీవర్ట్‌లు ఒక పరికరాన్ని ‘సైన్స్’ పత్రికలో వివరించారు. గాజు పలక మీద పలుచని పొర, దానిపై తీగల వరస. తీగల్లో స్వల్పంగా కరెంటు పారితే ఈగలు రెచ్చిపోయి పొరలోంచి కుడతాయి. చర్మంలాగా పొర కొండిని పట్టి ఉంచదు గనుక ఈగ దాన్ని వెనక్కి లాక్కుంటుంది. పలక మీద ఆరిన విషాన్ని గీకి తీస్తారు.

గిరాకీని పెంచింది మాత్రం అలెర్జీ వైద్యం. అంతకుముందు కాటు పడనివారికి ఈగల్ని మొత్తంగా నూరి తీసిన సారాన్ని సూదిమందుగా ఇచ్చేవారు. అది ఉత్తుత్తి మందు కన్నా మెరుగేమీ కాదని 1978లో జాన్స్ హాప్కిన్స్ పరీక్షలో తేలింది. మరుసటి ఏడాది అమెరికాలో శుద్ధ విషానికి అనుమతి దొరికింది. వెర్మాంట్ పెంపకందారు చార్లెస్ మ్రాజ్ అలాంటి విషాన్ని సరఫరా చేసినవారిలో పేరున్నవాడు.

కరెంటు పద్ధతిలో ఈగ బతికింది, భారం తేనెపట్టు మీద పడింది. కుట్టే ప్రతి ఈగా అరటిపండు వాసనను పోలిన ప్రమాద సంకేతాన్ని విడుస్తుంది. దాంతో పెట్టె మొత్తం అల్లకల్లోలమవుతుంది, మేతకు వెళ్లే పని మందగిస్తుంది, కొన్ని ఈగలు ఒకదాన్నొకటి కుట్టుకుని చస్తాయి. పక్క పెట్టెలూ రెచ్చిపోవచ్చు. తేనె, పిల్లల పెంపకం ఎంత తగ్గుతాయన్న దానిపై అధ్యయనాలు ఏకీభవించలేదు. కొన్నింటిలో నష్టం కనిపించింది, కొన్నింటిలో లేదు. కరెంటు బలం, సేకరణ సాగిన సేపు, ఋతువు, పట్టు బలం ఒక్కోచోట ఒక్కోలా ఉండగా ఒకే జవాబు ఆశించడం అత్యాశే.

ఈగల వయసును చాలామంది లెక్కలోకి తీసుకోరు. అప్పుడే పుట్టిన ఈగలో విషం దాదాపు ఉండదు. రెండు మూడు వారాలకు నిండుతుంది. ఆ తర్వాత గ్రంథి క్షీణిస్తుంది గనుక ముసలి ఈగ కోల్పోయిన విషాన్ని సరిగా నింపుకోలేదు. అందుకే సేకరణల మధ్య విరామమిస్తారు, బలహీనమైన పట్టుల జోలికి పోరు.