మంచం వద్దకు వచ్చిన యంత్రం



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజులూ యుద్ధాలూ నాకు చేతకావు. వైద్య శాఖలో గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే ఫిల్ముల ఇండెంట్లు వ్రాసినవాణ్ణి. అందుచేత ఛాతీ ఫోటో కథే చెబుతాను. అందులో మా ఇంటి కథ కూడా కొంత ఉంది.

మాది పర్చూరు దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా అన్నయ్య నల్లరేగడిలో పత్తి, మిర్చి పండించినవాడు. కల్లాల్లో మిరప ఘాటు పీల్చాడు, దానికి తోడు యాభై ఏళ్ళు చుట్ట కాల్చాడు. 2018 ఫిబ్రవరిలో, మిరప కోతల రోజుల్లో, ఆయాసం హెచ్చితే గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్‌టెన్సివ్ కేర్‌లో చేర్చాము. ఉదయం మంచం మీదే తీసిన ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. సి.టి. స్కాన్ కావాలన్నారు. ఆ యంత్రం కింది అంతస్తులో ఉంది. ఆక్సిజన్ సిలిండరుతో స్ట్రెచరు మీద బయలుదేరితే లిఫ్టు ఎంతకీ రాలేదు. చూస్తుండగానే అన్నయ్య పెదవులు నీలమయ్యాయి. స్కాన్ లేకుండానే వెనక్కు తీసుకువచ్చారు.

రోగి యంత్రం దగ్గరకు పోవాలా, యంత్రం రోగి దగ్గరకు రావాలా? ఈ ప్రశ్న నేటిది కాదు. రాంట్‌జన్ 1895లో ఎక్స్‌రే కనుగొన్నాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే మేరీ క్యూరీ మోటారు బండ్లలో ఎక్స్‌రే యంత్రాలు అమర్చి గాయపడ్డ సైనికుల దగ్గరకు నడిపించింది. మన రాష్ట్రంలో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915లో వెలిసింది. 1950 దశకంలో అక్కడి డాక్టరు ఫ్రిమోట్ మోలర్ బృందం సంచార ఎక్స్‌రే యంత్రంతో చుట్టుపట్ల పల్లెలు తిరిగి ఛాతీ ఫోటోలు తీసింది. ఇక 2024 డిసెంబరు 7న దేశంలోని 347 జిల్లాలలో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో చేతిలో ఇమిడే ఎక్స్‌రే యంత్రాలు కూడా వాడారు.

అయితే పడుకున్న రోగికి తీసే ఎక్స్‌రేకు ఒక లోపం ఉంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే, మనిషి వెల్లకిలా ఉన్నప్పుడు అది ముందువైపుకు పోతుంది, ఫోటోలో సులభంగా చిక్కదు. అన్నయ్య విషయంలో జరిగింది అదే.

లిఫ్టు దగ్గర నుంచి వెనక్కు వచ్చాక ఒక కుర్ర డాక్టరు చిన్న అల్ట్రాసౌండు యంత్రం తోసుకువచ్చాడు. “పెద్దాయనా, కదలకండి” అని పక్కటెముకల మధ్య పరికరం ఆనించి చూశాడు. “మాస్టారూ, కుడివైపు గాలి చేరింది, గొట్టం వేయాలి” అన్నాడు. గొట్టం వేసిన కాసేపటికే పెదవుల రంగు తిరిగింది.

అల్ట్రాసౌండు గాలిలో నుంచి పోదు, కనుక ఊపిరితిత్తులకు పనికిరాదని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. ఫ్రాన్సులో డాక్టర్ లిష్టెన్‌స్టైన్ ఆ మాటకు ఎదురు నిలిచాడు. తీవ్రమైన ఆయాసంతో ఇన్‌టెన్సివ్ కేర్‌కు వచ్చిన 260 మందిని పరీక్షించి, నూటికి 90.5 వంతున ఈ పద్ధతితో జబ్బు సరిగా పట్టవచ్చునని 2008లో ప్రకటించాడు.

ఇక్కడ గుమాస్తా బుద్ధితో ఒక మాట. మన దేశంలో ఈ యంత్రం ఇష్టం వచ్చినట్లు తిరగడానికి వీలులేదు. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం క్రింద, 2012లో సవరించిన నిబంధనల ప్రకారం, చిన్న యంత్రమైనా రిజిస్టరైన ఆవరణలోని ఇన్‌పేషెంట్లకో, ఇతర వైద్యసేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలోనో మాత్రమే వాడాలి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడటానికి పెట్టిన కట్టడి అది. సబబైనదే.

మరొక యంత్రం కూడా ఉంది. ఛాతీ చుట్టూ పట్టీ కట్టి, మనకు తెలియనంత స్వల్ప విద్యుత్తు పంపుతారు. గాలి నిండిన చోట విద్యుత్తుకు అడ్డు ఎక్కువ. ఆ తేడాను బట్టి ఏ భాగానికి గాలి అందుతోందో శ్వాస శ్వాసకూ తెరమీద కనిపిస్తుంది. రేడియేషన్ లేదు. 1980 దశకంలో ఇంగ్లండులోని షెఫీల్డులో బార్బర్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు దీనికి పునాది వేశారు. ఇటువంటి వాటిని ఎలా పరీక్షిస్తారంటే, అదే రోగికి తీసిన సి.టి. చిత్రంతో పోల్చి చూస్తారు. సి.టి. చూపే వివరమంతా ఇది చూపదు. పట్టీ ఉన్న మేరకే కనబడుతుంది. పేస్‌మేకరు ఉన్నవారికి సాధారణంగా వాడరు. వెంటిలేటరు గాలి ఒత్తిడి ఎంత పెట్టాలో తేల్చడానికి మాత్రం ఉపకరిస్తుంది.

అన్నయ్య పన్నెండో రోజున ఇంటికి వచ్చాడు. చుట్ట మానేశాడు. మరి రెండు మిరప పంటలు కళ్ళారా చూసి, తన మంచం మీదే కన్నుమూశాడు.

మన వయసువారికి ఎప్పుడు ఏ అవసరం వస్తుందో తెలియదు. రోగి పరిస్థితి బాగా లేనప్పుడు స్కానుకు తరలించమంటే, “డాక్టరుగారూ, మంచం దగ్గరే చూడటానికి వీలవుతుందా?” అని ఒక్కమాట వినయంగా అడగండి. వీలుకాదంటే సిలిండరులో ఆక్సిజన్ ఎంత ఉందో, లిఫ్టు వచ్చి ఉన్నదో లేదో చూసుకుని అప్పుడే కదలండి. ఆ రోజు నేను చూసుకోలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.