లాడ్ బజార్ వెనక మా నానీమా బావర్చీఖానా

పోయిన నెల మా ఖాలా కూతురి షాదీకి చూడియాఁ కొనడానికి అమ్మీని తీసుకుని లాడ్ బజార్ వెళ్లాను. దుకాణదారు ఎర్ర మఖ్మల్ మీద ఒక జోడా పరిచి, "జీఐ ట్యాగ్ ఉన్న మాల్ అమ్మా, అస్లీ హైదరాబాదీ లాఖ్" అన్నాడు. అమ్మీ ఒక గాజు చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా, బొటనవేలితో చుట్టూ తడిమి చూసింది. "ఏ నగ్ టేఢా బైఠా" అంది మెల్లగా. నేను ఎంత వెతికినా ఆ వంకర నగ్ కనబడలేదు. అమ్మీ వేలికి దొరికింది.

ఇంటికొచ్చాక ఈ చూడియాఁ తారీఖ్ రాయాలనిపించింది. పుస్తకాల్లో ఉన్నది నాలుగు మాటల్లో అయిపోతుంది. చార్మినార్ కట్టింది 1591లో. దాని పడమటి వైపు సాగే గాజుల బజారుకు లాడ్ బజార్ అని పేరు రావడానికి కారణం లాఖే, అంటే లక్క. కుతుబ్ షాహీల జమానా, ఆసఫ్ జాహీల జమానా, బేగమ్‌ల షౌఖ్, ముత్యాలు, ఇత్ర్. ఇంతే. గాజు ఎవరి చేతిలో తయారైందో ఆ చేయి ఎక్కడా ఉండదు.

లక్క గురించి కూడా కొంచెం చెప్పాలి. అది చెట్టు బంక అనుకుంటారు చాలామంది. కాదు. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద చేరే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు అది. ఇప్పుడు ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ సల్తనత్‌కు సముద్రపు దర్వాజా అయిన మచిలీపట్నానికి బర్మా పెగూ నుంచి వచ్చే జహాజుల్లో కెంపులతో పాటు లక్క కూడా దిగేది. మహాభారతంలో లక్క ఇల్లు ఎందుకు కట్టారో మా నానీమాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిప్పు దగ్గర లక్క ఎలా ఉంటుందో ఆమె వేళ్లకు తెలుసు.

పాతబస్తీలో మా నానీమా ఇల్లు ఒకటిన్నర గది. ఆ అర గదే బావర్చీఖానా, అదే కార్ఖానా. ఫజర్ నమాజ్ అయ్యాక అంగీఠీలో బొగ్గులు రాజేసేవారు. లక్క కరిగించి, రంగు కలిపి, వత్తి లాగా సాగదీసి కడియం చుట్టే పని కారీగర్లది, అది బయట కార్ఖానాలో అయ్యేది. అలా చుట్టిన గాజులు గంపలో మా ఇంటికొచ్చేవి. నానీమా తవా వేడి చేసి దాని మీద గాజు పెట్టేది. లక్క మెత్తబడాలి, కానీ కారకూడదు. ఆ కాస్త వ్యవధిలోనే సన్నటి పుల్లతో నగ్‌లు ఒక్కొక్కటే ఎత్తి వరసలో అద్దాలి. చల్లారితే నగ్ పట్టదు. వేడెక్కువైతే మునిగిపోతుంది. వరస తప్పితే గాజు మళ్లీ తవా మీదికే. మధ్యాహ్నం పప్పు కూడా అదే అంగీఠీ మీద ఉడికేది. మా మామూ ఇప్పటికీ అంటాడు, చిన్నప్పుడు ఖిచిడీలో నగ్‌లు ఏరుకుని తిన్నామని.

ఈ పని మాకు ఖాందానీ కాదు. మా పర్‌నానా ఒక జాగీర్ దఫ్తర్‌లో మున్షీ. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవాల్సినవే, రైతు వైపు నుంచి చూస్తే నాకు దానిలో రెండో మాట లేదు. కానీ జాగీర్‌దారుకు ముఆవజా దొరికింది, మున్షీకి ఏం దొరికింది? ఆయన మంచం పట్టాక, పర్దాలో ఉండి చేసుకోగలిగిన పని ఏదైనా ఉందా అని ఇంట్లో ఆడవాళ్లు వెతికారు. దొరికింది ఇది. పక్కింట్లో కార్చోబీ, ఎదురింట్లో అగర్‌బత్తీ. మా గల్లీ అంతా ఇలా గడప లోపలే మజ్దూరీకి దిగింది.

ఉజ్రత్ జోడా లెక్కన. మధ్యలో ఒకాయన గంప తెచ్చేవాడు, తీసుకుపోయేవాడు. నగ్ రాలిందని, రంగు మసకబారిందని కోత కోసేవాడు. నానీమా ఎన్నడూ దుకాణం చూడలేదు. తాను అద్దిన జోడా ఎంతకు అమ్ముడుపోతుందో ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

2024లో హైదరాబాద్ లాఖ్ గాజులకు జీఐ గుర్తింపు వచ్చినప్పుడు నేనూ ఖుష్ అయ్యాను, స్టేటస్ పెట్టాను. తర్వాత ఆ 1999 నాటి చట్టం తెరిచి చూశాను. హస్తకళల విషయంలో ఉత్పత్తిదారు అంటే వస్తువు తయారుచేసే మనిషి అని ఉంది, బాగుంది. ఆ వెంటనే, ఆ వస్తువుతో వ్యాపారం చేసేవాడూ అందులోకే వస్తాడని ఉంది. తయారుచేసే ఎవరైనా తన పేరు రిజిస్టర్‌లో ఎక్కించుకోమని దర్ఖాస్తు పెట్టుకోవచ్చు. బావర్చీఖానాలో కూర్చుని నగ్‌లు అద్దే ఆడమనిషి ఏ కాగితంతో తాను కారీగర్‌నని రుజువు చేసుకోవాలి? గంప తెచ్చినాయన రసీదు ఇస్తాడా?

ఇంకో సంగతి దాచలేను. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందలాది పిల్లల్ని బయటికి తీశారు. ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చిన పిల్లలు. అప్పుడు మనవాళ్లలో కొందరు "బద్నామ్ చేస్తున్నారు" అన్నారు. నేను అమ్మీని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కుడిచేతి చూపుడు వేలు చూపించింది. కొస నున్నగా, గీతలు అరిగిపోయి ఉంది. తొమ్మిదేళ్లకు మొదలుపెట్టిందట. ఐదో తరగతి తర్వాత మదర్సాకూ, స్కూలుకూ వెళ్లలేదు. ఆధార్‌కు వేలిముద్ర పెట్టినప్పుడు మెషీన్ మూడుసార్లు ఒప్పుకోలేదు. వయసు వల్ల అనుకున్నాం మేము.

ఆ రోజు దుకాణంలో నేను వేరే జోడా చూపించమన్నాను. అమ్మీ వద్దంది. అమ్మాయి చేయి సన్నం కదా అని దుకాణదారుతో గాజు కాస్త వేడి చేయించి సైజు తగ్గించింది. వంకర నగ్ ఉన్న ఆ జోడానే కొంది. బేరం మాత్రం ఆడలేదు.