యుద్ధం వదిలిన జీపు, మెకానిక్కు చేసిన బండి

జీపును మార్చుకోవడం కుర్రకారు సరదా అనుకుంటాం గానీ, చరిత్ర చూస్తే అది అవసరం నేర్పిన పనితనం. 1941–45 మధ్య అమెరికా సైన్యానికి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు చేసిచ్చాయి. ఒకరి బండి సామాను మరొకరి బండికి సరిపోవాలన్నది సైన్యం షరతు. యుద్ధం ముగిసి మిగులు బండ్లు జనం చేతికొచ్చాక ఆ షరతే మెకానిక్కులకు వరమైంది. ఫిలిప్పీన్స్‌లో ఛాసిస్ పొడిగించి, పైకప్పు వేసి, రెండు పక్కలా బల్లలు బిగించి జీప్నీలనే ప్రయాణికుల బండ్లు చేశారు. అమెరికాలో చిక్కు వేరు. మామూలు రోడ్డు మీద కూడా ముందు చక్రాలతో పాటు యాక్సిల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊరికే తిరిగి అరిగిపోయేవి. 1948లో మొదలైన వార్న్ సంస్థ అందుకే లాకింగ్ హబ్‌లు తెచ్చింది. హబ్ విడదీస్తే చక్రం ఒక్కటే తిరుగుతుంది. బురదలో దిగి దాన్ని తిప్పి కలిపితే ముందు చక్రాలూ లాగుతాయి.

ఇలాంటి మార్పులు ప్రమాదమనే వాదనలో నిజం లేకపోలేదు. కమాన్ పట్టీలు పెంచి బండిని ఎత్తు చేస్తే గురుత్వ కేంద్రం పైకి జరిగి, మలుపులో బోల్తాపడే ముప్పు పెరుగుతుంది. షాఫ్ట్ కోణం మారి జాయింట్లు త్వరగా పోతాయి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చరాదని 2019లో మన సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందే చెప్పింది. అయితే లాకింగ్ హబ్ కూడా ఒకనాడు బయటివాళ్లు తగిలించిందే. తర్వాత కంపెనీలే దాన్ని బండితో పాటు ఇవ్వసాగాయి. కాబట్టి ప్రతి మార్పునూ ఒకే గాటన కట్టకుండా, పరీక్షించి నిగ్గు తేల్చడమే న్యాయం.