వేసవి పొగకు ఒక చరిత్ర

ఏటా ఎండాకాలం మొదట్లో వాతావరణ శాఖ వేసవి అంచనా చెబుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ మామూలు కన్నా ఎక్కువా తక్కువా, వడగాడ్పులు ఎన్నాళ్ళు వీస్తాయి అన్నది అందులో ఉంటుంది. కాలం మొత్తానికి ఇలా ముందే చెప్పడం 2016లో మొదలయింది. మైదానంలో 40 డిగ్రీలు, కొండల్లో 30 డిగ్రీలు దాటి, మామూలు మీద 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అని వాళ్ళ లెక్క. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ఎండకు పోయారు. ఆ మాట తలచుకుంటే ఈ హెచ్చరికలు అవసరమే. కానీ మా భద్రాచలం, చింతూరు కొండల పొగ ఆ అంచనాలో కనిపించదు. ఒంటిపూట బడి పిల్లలు కళ్ళు నులుముకుంటూ వచ్చే పొగ అది. దాని మాట వేరేచోట వస్తుంది, కేసుల కాగితాల్లో. అక్కడ మా పేరు ముందుంటుంది.

ఈ పేరు ఎప్పటినుంచి పడిందో మా పిల్లలకు ఏ పాఠంలోనూ లేదు. అందుకే రాస్తున్నాం.

మా కోయ గూడేల్లో, కొండరెడ్ల గూడేల్లో మంట ఒక పని. చెట్టూ పొదా కొట్టి ఎండబెట్టాక, తొలకరికి ముందు పోడు కాల్చేవారు. కాల్చే ముందు చుట్టూ ఆకు ఊడ్చి నేల బయటపెట్టేవారు. మిట్టమధ్యాహ్నం పడమటి గాలి రయ్యిన వీస్తుంటే ఎవరూ అగ్గి ముట్టించరు. పొద్దు వాలి గాలి తగ్గాక, వాలు పైనుంచి కిందికి కాలుస్తారు. వాలు మీద మంట పైకి పరుగెత్తుతుంది, కిందికి నిదానంగా దిగుతుంది. ఇది చదువుకున్న వాళ్ళకూ తెలిసిన శాస్త్రమే. ఆ బూడిదలో సామలు, జొన్న, కంది చల్లేవారు. గాలి చూడడం రాని వాడికి పోడు అప్పగించేవారు కాదు.

1860లలో పియర్సన్ అనే దొర ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని బోరి అడవిని మంట సోకకుండా కాపాడి చూపించాడు. అడవిశాఖకు అది గొప్ప విజయం. మంటను ఆపడమే అడవిని కాపాడడం అన్న నమ్మకం అక్కడినుంచి దేశమంతా పాకింది. అప్పుడు మా భద్రాచలం, రేకపల్లి తాలూకాలు కూడా ఆ సెంట్రల్ ప్రావిన్సులలోనే ఉండేవి. 1874లో మమ్మల్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. అంతకు ముందు గొడ్డలికి ఇంత అని కొద్దిపాటి పన్ను కట్టి పోడు చేసుకునేవాళ్ళం. మద్రాసు వాళ్ళు పన్ను పెంచారు, కొన్ని అడవుల్లో పోడే వద్దన్నారు. 1879 రంప పితూరీ రేకపల్లి దాకా అంటుకోవడానికి ఇదొక కారణం. పితూరీ అణిగిన కొద్దికాలానికే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో అగ్గి పెడితే నేరం. అంతకు ముందటి ఏడాది దాకా పని అయినది ఆ ఏడాదినుంచి తప్పయింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడిచినప్పుడు కూడా ఘాట్ రోడ్డు వెట్టితో పాటు ఈ పోడు నిషేధమే జనం గుండెల్లో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బర్మా టేకు అడవుల్లో మంటను పూర్తిగా ఆపేస్తే వెదురు కమ్మేసి టేకు మొలక రావడం లేదని 1900 ప్రాంతంలో ఆ శాఖ అధికారులే వాదించారు. తర్వాత కొన్ని అడవుల్లో ఆ కాపలా ఎత్తేశారు కూడా. దొర చెబితే అది అనుభవం, మా తాతలు చేస్తే మూఢత్వం!

అలాగని అడవిలో మంటలన్నీ మంచివని మేము అనం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. గాలి తిరిగితే అది కొండెక్కుతుంది. తునికాకు సంగతి ఇంకా చెడ్డది. కత్తితో పొద నరికితే కొత్త చిగురు వస్తుంది. నరికే కూలి మిగుల్చుకోవడానికి అగ్గి పెట్టించే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆ లాభం పట్టణంలో లెక్కకడతారు, కేసు గూడెం మీద పడుతుంది. దారిన పోయేవాడి బీడీ ముక్క లెక్కలోకే రాదు. ఏళ్ళ తరబడి ఎండుకర్ర, పొద పేరుకున్న చోట పుట్టిన మంట వేరు. దానికి వడగాడ్పు తోడైతే నిలిచిన చెట్లను కూడా వదలదు. దాని పొగ శబరి లోయలో తెల్లవారుజామున అడుగున నిలిచిపోతుంది. చల్లగాలి కింద, వెచ్చగాలి పైన మూతలా ఉండడమే కారణం. పొద్దెక్కి నేల వేడెక్కితే గాని అది లేవదు. ముసలివాళ్ళ దగ్గు ఆ వేళలోనే ఎక్కువ.

2004 నుంచి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం చూసిన మంటలను రాష్ట్రాలకు చెబుతోంది. ఇప్పటి పరికరానికి ఒక్కో చుక్క 375 మీటర్ల మేర. ఆ చుక్కలో ఇప్పచెట్టు ఉందా, పోడు ఉందా, రోడ్డు ఉందా అన్నది పైనుంచి తెలియదు. కిందికి వచ్చి అడగాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందునుంచీ సాగులో ఉన్న భూమికి పట్టా అడుగుతున్న ఇంటి పక్కన అలాంటి చుక్క పడితే, ఆ ఇంటివాళ్ళకు ఆ వేసవి ఎలా గడుస్తుందో మా గూడేల్లో అందరికీ తెలుసు.

మంట ఆర్పడానికి పిలిచేది కూడా మా కుర్రవాళ్ళనే. ఫైర్ వాచర్లన్న పేరుతో రోజుకూలికి, పచ్చి కొమ్మలు పట్టుకుని వెళ్తారు. మంటకు ఎదురు ఎటు నిలబడాలో, గాలి ఎప్పుడు తిరుగుతుందో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. రోహిణి కార్తె రాకముందే, ఇప్పపువ్వు రాలే రోజులకు, ఆ వారం గాలి ఎటు వీస్తుందన్న మాట మండలంతో ఆగకుండా గ్రామసభ దాకా రావాలి. ఏ వాలులో ఆకు కాల్చాలి, ఏ వాలులో ఊడ్చి వదిలేయాలి అన్నది ఆ సభలో కూర్చున్న పెద్దలు తేల్చగలరు.